సన్మీ ‘పోరప్పిప్పమ్’ 80ల పాటకు నకలా? ఒక పాత కీబోర్డు వాయిద్యకారుడి జవాబు

మీరు అడిగినది ఇది. ఇంటర్ చదువుతున్న మీ అమ్మాయి కొరియా గాయని సన్మీ పాడిన ‘పోరప్పిప్పమ్’ను పొద్దస్తమానం పెడుతోంది, అది ‘రెట్రో’ అంటోంది. 80ల్లో పెరిగిన మీకు ఆ పాట ఎక్కడో విన్నట్టే ఉంది, ఎక్కడ విన్నారో మాత్రం గుర్తు రావడం లేదు. ఇది ఏదైనా పాత పాటకు నకలా, ఆ రోజుల్లో కొరియాలో ఇలాంటి పాటలు వచ్చేవా, వీడియోలో ‘పాతదనం’ అంటే ఏమిటి? ఇవీ మీ సందేహాలు.

నకలు కాదు. ఆ రోజుల్లో కొరియాలో ఇలాంటి పాటలు వచ్చేవా అంటే, ఆ దశాబ్దం చివరికొచ్చేదాకా చాలా అరుదు. మీకు విన్నట్టు అనిపించడం భ్రమ కాదు, కానీ మీరు విన్నది ఆ పాటను కాదు, ఆ పరికరాలను. నేను 1988లో కోడంబాకంలోని రికార్డింగ్ థియేటర్లలో కీబోర్డులు మోసే కుర్రాడిగా చేరి, తర్వాత వాయించే మనిషినై, హైదరాబాదు వచ్చి ఇప్పటికీ అదే పనిలో ఉన్నాను. కొరియా పాటల మీద నాకు ఆసక్తి పుట్టించింది మా మేనకోడలు. మొదట వద్దన్నాను. తర్వాత బేస్ గిటారు వినిపించింది, కూర్చుండిపోయాను.

ముందు పేరు సంగతి. కొరియన్‌లో ‘బోరా’ అంటే ఊదా రంగు, ‘బిత్’ అంటే కాంతి, ‘బామ్’ అంటే రాత్రి. ఊదా కాంతి రాత్రి. మన వ్యాకరణంలో సరళాదేశ సంధి గుర్తుందా? ‘పూచెను కలువలు’ కలిసినప్పుడు ‘పూచెఁ గలువలు’ అవుతుంది, పరుషం మెత్తబడుతుంది. కొరియన్‌లో దాదాపు దీనికి తిరగబడిన వ్యవహారం. ‘బిత్’ చివరి తకారం పక్కన ‘బామ్’ వస్తే ఆ ‘బ’ గట్టిపడి ఒత్తి పలుకుతుంది. సన్మీ ఈ ఉచ్చారణనే పేరుగా పెట్టి, వ్యాకరణం అడగకపోయినా మొదటి అక్షరాన్ని కూడా సరదాగా ఒత్తింది. పలికి చూడండి, నోట్లో బుడగలు పేలినట్టు ఉంటుంది. పాట రాసింది ఆమే. బాణీ కట్టింది ఆమె, ఫ్రాంట్స్ అనే సంగీతకారుడు కలిసి. 2020 జూన్ 29న ఒక్క పాటగా విడుదలైంది. అంతకుముందు ఆమె పేరు తెచ్చుకున్న పాటల్లో కోపం, వ్యంగ్యం, విరహం ఎక్కువ. ఇందులో వేసవి రాత్రి ప్రేమలో పడిన మనిషి కంగారు ఒక్కటే.

ఈ బాణీని ‘సిటీ పాప్’ అంటారు. పుట్టిల్లు జపాన్, కాలం 70ల చివర నుంచి 80ల చివరి దాకా. జపాన్ చేతిలో డబ్బు ఆడుతున్న రోజులవి. 1979లో వాక్‌మన్ వచ్చింది, కార్లలో మంచి స్టీరియోలు వచ్చాయి. ఆఫీసు ముగించుకుని సముద్రపు రోడ్డు మీద కారు నడిపే మనిషికి తగిన సంగీతం కావాలి. అమెరికా ఫంక్, సోల్, జాజ్ అనే సంగీత బాణీలను కలిపి, నునుపుగా తోమి, ఖరీదైన స్టూడియోల్లో గొప్ప వాయిద్యకారులతో వాయించి ఇచ్చారు. రికార్డుల అట్టల మీద హిరోషి నగాయి లాంటి చిత్రకారులు గీసిన నీలి ఆకాశాలు, ఈతకొలనులు. మరియా తకెఉచి 1984లో పాడిన ‘ప్లాస్టిక్ లవ్’ ఆ కాలపు పాటే. దాన్ని ప్రపంచం పట్టించుకున్నది మాత్రం 2017 తర్వాత, యూట్యూబ్ తనంతట తానే దాన్ని లక్షల మందికి సిఫారసు చేయడం మొదలుపెట్టాక. మనిషి మరిచిపోయిన పాటను యంత్రం గుర్తు చేసింది. ఈ విడ్డూరం మీద వేరే వ్యాసమే రాయవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. సిటీ పాప్ అంటే నగరపు రాత్రి. 80లు మొదలయ్యేనాటికి కొరియా రాజధాని సోల్ నగరంలో రాత్రి అనేదే జనం చేతిలో లేదు. 1945లో మొదలైన రాత్రి కర్ఫ్యూ 1982 జనవరి 5 దాకా నడిచింది. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా వీధుల్లో తిరగడానికి వీల్లేదు. పన్నెండు కొట్టేలోగా ఇల్లు చేరాలి. చేరకపోతే పోలీసు స్టేషన్లో తెల్లవారుతుంది. రంగుల టెలివిజన్ ప్రసారాలు మొదలైనది 1980 డిసెంబరులో. 1975లో సైనిక పాలకులు వందలాది పాటలను నిషేధించారు. కొరియా రాక్‌కు ఆద్యుడైన షిన్ జుంగ్‌హ్యన్‌ను గంజాయి కేసులో పెట్టి ఏళ్ల తరబడి వేదిక ఎక్కనివ్వలేదు. ఇక జపాన్ పాటల సంగతి చెప్పనే అక్కర్లేదు. వలసపాలన గాయం వల్ల జపాన్ వినోదం మొత్తానికీ తలుపులు మూసేశారు. ఆ తలుపు 1998 నుంచి మెల్లమెల్లగా తెరుచుకుంది. జపనీస్ భాషలో పాడిన ఆల్బమ్‌ను కొరియాలో చట్టబద్ధంగా అమ్మడం 2004 జనవరి నుంచే సాధ్యమైంది.

అలాగని ఎవరూ వినలేదని కాదు. సోల్‌లోని సెవున్ సంగా బజారులో దొంగ రికార్డులు దొరికేవి. వాటికి ‘ప్పెక్‌పాన్’ అని ముద్దుపేరు. జపాన్ తీరానికి దగ్గరగా ఉన్న బుసాన్‌లో ఇంటి మీద యాంటెన్నా తిప్పితే జపాన్ టీవీ వచ్చేది. మన దగ్గర 1952 తర్వాత ఆకాశవాణి సినిమా పాటలను పక్కన పెడితే జనం రేడియో సిలోన్‌కు ముల్లు తిప్పుకున్న కథ మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. అదే బాపతు. ఎనభైల చివరకు వచ్చేసరికి కిమ్ హ్యన్‌చల్ వంటి యువకులు, తర్వాత ‘వెలుగు–ఉప్పు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్న బృందం, జాజ్ వాసన తగిలిన పట్టణపు పాటలు చేశారు. ఇప్పుడు వాటికి వెనక్కి వెళ్లి ‘కొరియా సిటీ పాప్’ అని పేరు పెడుతున్నారు. అప్పుడు వాళ్లకు ఆ పేరు తెలియదు.

అందుకే సన్మీ పాటను నేను నకలు అనను. 1992లో ఇక్సాన్‌లో పుట్టిన మనిషి, తన దేశం దాదాపు అనుభవించని, తాను అసలే చూడని రాత్రిని పాడుతోంది. నకలు తీయడానికి అక్కడ మూలం ఉండాలి కదా.

ఆమె రెట్రోలోకి అడుగుపెట్టడం ఇది మొదటిసారి కూడా కాదు. ఆమె జీవితమంతా పాతబట్టల బీరువా ముందే గడిచింది అనవచ్చు. 2007లో వండర్ గర్ల్స్ అనే అమ్మాయిల బృందం ‘టెల్ మి’ పాటతో కొరియాను ఊపేసినప్పుడు అందులో సన్మీ పదిహేనేళ్ల పిల్ల. ఆ పాట అమెరికా గాయని స్టేసీ క్యూ 1986లో పాడిన ‘టూ ఆఫ్ హార్ట్స్’ నుంచి ముక్క తీసుకుని కట్టినది. 2008లో వచ్చిన ‘నోబడీ’ ఇంకో ఇరవై ఏళ్లు వెనక్కి, 60ల డెట్రాయిట్‌కు, మోటౌన్ సంస్థ పాటల తీరుకు వెళ్లింది. వీడియోలో వాళ్ల నిర్మాత పార్క్ జిన్‌యంగ్ తానే ప్రధాన గాయకుడు. పాడాల్సిన సమయానికి మరుగుదొడ్డిలో కాగితం లేక ఇరుక్కుపోతాడు. వెనుక పాడే అమ్మాయిలు ముందుకొచ్చి పాట అందుకుంటారు. తనను తాను ఇంతగా ఆటపట్టించుకునే నిర్మాతను నేనైతే మన దగ్గర చూడలేదు. 2009 అక్టోబరులో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 76వ స్థానానికి చేరింది. ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి కొరియా బృందం వాళ్లే.

ఒకే తీరు గౌన్లు, ఒకే తీరు జుట్టు, మైకు ముందు వరుసగా ఊగడం అంతా అమెరికా అప్పు అనుకుంటాం. పూర్తిగా కాదు. కొరియా యుద్ధం తర్వాత అమెరికా సైనిక శిబిరాల్లో పాడి బతికిన గాయకులు ఒక తరం ఉన్నారు. వాళ్లలోంచి వచ్చిన కిమ్ సిస్టర్స్ 1959లో లాస్ వేగాస్ వెళ్లి, ఎడ్ సల్లివన్ టీవీ కార్యక్రమంలో ఎన్నోసార్లు కనిపించారు. ‘నోబడీ’ అమ్మాయిలు అమెరికాలో పర్యటించినప్పుడు, యాభై ఏళ్ల కిందట ఆ దారిన ముగ్గురు కొరియా అమ్మాయిలు నడిచే ఉన్నారు.

2010లో సన్మీ బృందం విడిచింది, 2013లో ఒంటరిగా పాడింది, 2015లో తిరిగి వచ్చింది. ఈసారి నలుగురూ వాయిద్యాలు పట్టారు. సన్మీ చేతికి బేస్ గిటారు. ఆ ఏడాది ఆల్బమ్ ‘రీబూట్’ 80ల అమెరికా డ్యాన్స్ సంగీతపు పునర్నిర్మాణం. నా దృష్టిలో ఆ గాయని సంగీతానికి మలుపు ఇదే. సిటీ పాప్‌కు వెన్నెముక బేస్ గిటారు. పల్లవి పాడే గొంతు కింద ఇంకో పల్లవి పాడుతున్నట్టు అది నడవాలి. బేస్ వేళ్లకు అలవాటైన మనిషి కట్టిన బాణీ ఎలా ఉంటుందో ‘పోరప్పిప్పమ్’లో వినిపిస్తుంది. ఒకసారి ఆమె గొంతును వదిలేసి కింది గీతను మాత్రమే పట్టుకుని వినండి.

అదే బృందంలో డ్రమ్స్ వాయించిన యుబిన్ 2018 జూన్‌లో ఒంటరి గాయనిగా వచ్చినప్పుడు ఎంచుకున్నదీ సిటీ పాపే. ఆమె రెండు పాటలు విడుదల చేయాలి. విడుదలకు ముందు వినిపించిన రెండో పాట ముక్క ‘ప్లాస్టిక్ లవ్’ను పోలి ఉందని శ్రోతలు పట్టుకున్నారు. హక్కుల వివాదం రావచ్చని ఆ పాటను సంస్థ ఆపేసింది. నకలా కాదా అన్న మీ ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒకే బాణీ శైలి, ఒకే బృందం నుంచి వచ్చిన ఇద్దరు, ఒకరి పాట నిలబడింది, ఇంకొకరి పాట ఆగిపోయింది. శైలి ఎవరి సొత్తూ కాదు. స్వరాల వరుస మాత్రం ఒకరి సొత్తు.

ఇక పరికరాల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఇది నా వృత్తి.

మీకు ‘విన్నట్టు’ అనిపించడానికి మొదటి కారణం స్వరాల పొత్తు. మేజర్ సెవెంత్ అనే స్వర సమూహం ఉంది. మన భాషలో షడ్జం, అంతర గాంధారం, పంచమం, కాకలి నిషాదం ఒకేసారి మోగించడం. నిషాదం పై షడ్జానికి గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రాదు. సుఖంగానూ ఉంటుంది, ఏదో మిగిలిపోయినట్టూ ఉంటుంది. సిటీ పాప్ మొత్తం ఈ గుమ్మం దగ్గరే కాపురం చేస్తుంది. సంతోషమైన పాటలోనూ ఏదో వెలితి వినిపించేది ఇందుకే. 80ల్లో మన సినిమా పాటల్లోనూ ఈ పొత్తులు విరివిగా దొర్లాయి. మీ చెవి వాటిని దాచుకుంది.

రెండో కారణం యంత్రాలు. 1983లో యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చింది. గాజు గిన్నె మీద వేలితో తట్టినట్టు మోగే దాని ఎలక్ట్రిక్ పియానో ధ్వని టోక్యోలోనూ, లాస్ ఏంజెలస్‌లోనూ, మద్రాసులోనూ ఒక్కటే. ఫ్యాక్టరీలో నింపి ఇచ్చిన ధ్వనినే అందరూ వాయించారు, ఎందుకంటే దాన్ని మార్చడం మహా కష్టం. చిన్న తెర మీద ఒక్కో అంకె చూసుకుంటూ నొక్కాలి. నేను మోసిన మొదటి కీబోర్డు అదే. వాయించే అన్నగారు సొంతంగా కూర్చుకున్న ధ్వనులను చిన్న క్యాట్రిడ్జ్‌లో దాచి జేబులో పెట్టుకునేవారు, ఇంకొకరు ఎత్తుకుపోతారని. రోలాండ్ జూనో అనే కీబోర్డు ఇచ్చే వెచ్చటి తెర, లిన్‌డ్రమ్ అనే యంత్రపు డ్రమ్ము, గిటారుకు నీళ్లలో ఊగినట్టు వచ్చే కోరస్ మెరుపు, డ్రమ్ము ప్రతిధ్వనిని మధ్యలో కత్తిరించి ‘ధబ్’మనిపించే కిటుకు, అన్నీ కలిస్తే మీరు 80లు అనుకునేది తయారవుతుంది. అంటే అది ఒక దేశపు జ్ఞాపకం కాదు, ఒక దుకాణపు జాబితా. అందుకే టోక్యోలో పుట్టి, సోల్‌లో తిరిగి కట్టిన పాట మీ ఇంట్లో పరిచయస్తుడిలా అడుగుపెట్టింది.

అయితే ఆ జాబితాను యథాతథంగా వాడితే ఏమవుతుందో నాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట ఒక యువ దర్శకుడు ‘పక్కా ఎనభైల ధ్వని కావాలి’ అని వచ్చారు. నేను పొంగిపోయి పాత యంత్రాలు దులిపి, నిజంగా 1986లో ఎలా చేసేవారో అలాగే చేసి ఇచ్చాను. అడుగున ఎక్కువ బరువు లేదు, గొంతు కాస్త వెనక్కి ఉంది, టేపు మీదికి ఎక్కించి దించాను. విని ముఖం చిట్లించి, ‘సార్, ఇది మరీ పాతగా ఉంది’ అన్నారు. ఆ రోజు కోపం వచ్చింది. ఆయనకు కావలసింది 1986 కాదు, 1986ను తలుచుకుంటున్న ఈనాటి మనిషి. అది అర్థమయ్యాక నా పని సులువైంది, బిల్లు కూడా వచ్చింది.

సన్మీ పాటలో ఆ తేడా ఎక్కడుందో చెబుతాను. అడుగు ధ్వని ఒకటి. గ్రామఫోన్ రికార్డు మీద లోతైన బేస్ ఎక్కువైతే గాడి వెడల్పు పెరుగుతుంది, ముల్లు ఎగిరి పడుతుంది. అందుకని అప్పట్లో కింది ధ్వనులను అదుపులో పెట్టేవారు. ఇప్పుడు ఆ భయం లేదు, హెడ్‌ఫోన్లలో అడుగు నిండుగా తగులుతుంది. గొంతు ఇంకొకటి. 80ల గాయని ఒక గదిలో నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది, మన చెవికి ఆమెకి మధ్య గాలి ఉంటుంది. ఇప్పటి గొంతు చెవి తమ్మె దగ్గర పెదవులు పెట్టి పాడుతుంది, దాని వెనుక అదే గొంతు పొరలు పొరలుగా పేర్చి ఉంటుంది. ఇంకా మొదలు. పాత సిటీ పాప్ పాటలు తీరిగ్గా అరనిమిషం వాయించి గానీ పాడేవి కావు. ఇప్పుడు స్ట్రీమింగ్ సంస్థలు ముప్ఫై సెకన్లు వింటేనే ఒక వినికిడిగా లెక్క వేస్తాయి, అంతలోపు శ్రోత జారిపోకూడదు, కాబట్టి గొంతు త్వరగా రావాలి. రెట్రో పాట తన అసలు పుట్టినరోజును ఇలాంటి చోట్ల చెప్పేస్తుంది. మేకప్ ఎంత వేసినా చేతులు వయసు చెప్పినట్టు.

వీడియో గురించి అడిగారు. వీడియో నిండా ఊదా, గులాబీ కాంతులు. అందరూ ‘అబ్బ, ఎనభైల రంగులు’ అంటారు. మీరూ నేనూ ఆ కాలంలో ఉన్నాం కదా, మీకు అలాంటి రంగులు గుర్తున్నాయా? నాకు గుర్తున్నవి ట్యూబ్‌లైటు తెలుపు, వీడియో క్యాసెట్ మట్టి రంగు. నిజంగా ఆనాడు క్యాసెట్ మీద తీసిన పెళ్లి వీడియో పెట్టి చూడండి. ఎరుపు చీర అంచు దాటి పక్కకు కారుతుంది, ఎందుకంటే ఆ టేపు రంగు వివరాన్ని చాలా తక్కువగా దాచుకునేది. తెర అడుగున గీతలు వణుకుతాయి. ఊదా నియాన్ రాత్రి అనేది ఆనాటి ప్రకటనలూ, ఆట యంత్రాలూ, రికార్డుల అట్టలూ చూసి తర్వాతి తరం ఊహించుకున్న 80లు. పాటలాగే వీడియో కూడా జరిగిన కాలాన్ని కాదు, జరిగి ఉండాల్సిన కాలాన్ని చూపిస్తోంది. కర్ఫ్యూ లేని సోల్ రాత్రి అది.

పాతదనాన్ని నటించే వీడియోల్లో మీరు గమనించదగినవి ఇంకొన్ని ఉన్నాయి. తెర చతురస్రానికి దగ్గరగా, పాత టీవీ కొలతలో ఉంటుంది. దీపాల చుట్టూ ఎర్రటి కాంతివలయం కనిపిస్తుంది, అది ఫిల్ము స్వభావం, ఇప్పుడు కంప్యూటర్లో కలుపుతారు. సన్మీదే 2021లో వచ్చిన ‘యూ కాంట్ సిట్ విత్ అస్’ వీడియో చూడండి. అక్కడ కాలం మారిపోయింది, 90ల చివర, 2000ల మొదటి రోజులు. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం, అందులో జాంబీల గోల. ఈసారి ఆమె తాను చిన్నప్పుడు చూసిన ప్రపంచాన్ని ఎగతాళి చేస్తోంది, అందుకే హాస్యం ఉంది. ‘పోరప్పిప్పమ్’లో హాస్యం లేదు. చూడని దాన్ని ఎగతాళి చేయలేం, ఆశపడగలం.

2020 వేసవిలోనే ఇది ఎందుకు వచ్చిందన్నది కూడా ముఖ్యం. కొరియాలో అప్పటికే ‘న్యూట్రో’ అనే మాట ఊళ్లో తిరుగుతోంది, కొత్త, పాత కలిపిన మాట. సోల్ నేషనల్ యూనివర్సిటీ ఆచార్యుడు కిమ్ నాన్‌దో బృందం 2019 ధోరణుల మీద రాసిన పుస్తకం దాన్ని జనంలోకి తెచ్చింది. రెట్రో అంటే పెద్దలు తమ యవ్వనాన్ని తలుచుకోవడం, న్యూట్రో అంటే పిల్లలు పెద్దల యవ్వనాన్ని కొత్త సరుకుగా కనిపెట్టడం. 2019లో ఒక టీవీ చానల్ తన పాత పాటల కార్యక్రమాలను యూట్యూబ్‌లో రోజంతా నడిపితే వేల మంది ఒకేసారి చేరి కబుర్లు చెప్పుకున్నారు. దానికి ‘ఆన్‌లైన్ తాప్‌గోల్ పార్కు’ అని పేరు పెట్టారు. తాప్‌గోల్ సోల్ నడిబొడ్డున ముసలివాళ్లు చేరే పార్కు, మన రచ్చబండ అనుకోండి. 90ల మొదట్లో ఎవరూ ఆదరించని గాయకుడు యాంగ్ జూనిల్‌ను ఆ రచ్చబండే తవ్వి తీసి, ముప్ఫై ఏళ్ల తర్వాత తారను చేసింది.

ఆ తర్వాత కరోనా. ఇంట్లో కూర్చున్న జనానికి బయటి రాత్రి కావాలి. జూన్ చివర సన్మీ. జూలైలో టీవీ వ్యాఖ్యాత యూ జేసుక్, గాయకులు లీ హ్యోరీ, రెయిన్ కలిసి 90ల తీరు వేసవి పాటలు చేశారు. అదే జూలైలో జపాన్ నుంచి వచ్చి కొరియన్‌లో పాడే యుకికా పూర్తి సిటీ పాప్ ఆల్బమ్ ఇచ్చింది. ఆగస్టు 12న పార్క్ జిన్‌యంగ్ తన పాత శిష్యురాలు సన్మీని పక్కన నిలబెట్టుకుని యూరో డిస్కో పాట పాడాడు. ఆగస్టు 21న బీటీఎస్ ‘డైనమైట్’ డిస్కో లయతో వచ్చి అమెరికా హాట్ 100లో మొదటి స్థానానికి ఎక్కింది, కొరియా బృందానికి అది మొదటిసారి. ఎనిమిది వారాల్లో ఇంత. కర్ఫ్యూ పోయిన ముప్ఫై ఎనిమిదేళ్లకు రాత్రి మళ్లీ మూతపడిన సమయంలో కొరియా ఇన్ని రాత్రి పాటలు పాడింది. ఇది నా ఊహ మాత్రమే, కానీ వదులుకోలేని ఊహ.

‘అయితే కొరియాకు తనదైన 80ల జ్ఞాపకం లేనే లేదా’ అని మీరు అడుగుతారని తెలుసు. ఉంది. కర్ఫ్యూ ఎత్తేసిన 1982లోనే యూన్ సూయిల్ అనే గాయకుడు ‘అపాతు’ అనే పాట పాడాడు. అపార్ట్‌మెంట్ అనే మాటను కొరియన్లు అలా కుదించుకున్నారు. హాన్ నది దక్షిణాన అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. వంతెన దాటి ప్రియురాలి ఇంటికి వెళ్తే అక్కడ ఎవరూ ఉండరు, ఖాళీ అపార్ట్‌మెంటు. పాట మాత్రం హుషారుగా పరుగెత్తుతుంది. దశాబ్దాల పాటు బేస్‌బాల్ మైదానాల్లో, కాలేజీ సంబరాల్లో గొంతులు చించుకుని పాడారు. సిటీ పాప్ నునుపు దీనికి లేదు, రాక్‌కూ ట్రాట్‌కూ పుట్టిన బిడ్డ. ట్రాట్ అంటే అక్కడి పాత తరం పాటల బాణీ.

2024 అక్టోబరు 18న బ్లాక్‌పింక్ బృందపు గాయని ‘రోజే’, అమెరికా గాయకుడు బ్రూనో మార్స్‌తో కలిసి ‘ఏపీటీ’ విడుదల చేసింది. ఇదీ ఒంటరి గాయని చేసిన రెట్రో పాటే, మీ అమ్మాయికి నోటికి వచ్చే ఉంటుంది. పల్లవిలో తిరిగే ‘అపాతు అపాతు’ కొరియా కుర్రకారు మందు పార్టీల్లో ఆడే ఆట. అందరూ చేతులు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, ఒకరు ఓ అంతస్తు సంఖ్య చెబుతారు, అడుగు చేతి నుంచి తీస్తూ లెక్క పెడతారు, ఆ అంతస్తు ఎవరి చేతికి వస్తే వాళ్లు తాగాలి. బాణీలో 80ల మొదటి అమెరికా పాట ‘మిక్కీ’ ఛాయ ఉంది, దాని కర్తలకు పేరూ ఇచ్చారు. అంటే సంగీతపరంగా ఇది యూన్ సూయిల్ పాటకు బంధువు కాదు. అయినా మాట ఒకటే కావడంతో జనం 1982 పాటను మళ్లీ వెతుక్కుని విన్నారు. యూన్ సూయిల్ అపార్ట్‌మెంటును పడగొట్టి కొత్తది కట్టారని, ఆయనే ఆ పునర్నిర్మాణ సంఘానికి అధ్యక్షుడని కొరియాలో జోకులు పేలాయి. పాత అపార్ట్‌మెంట్లు పడగొట్టి కట్టడమే పెద్ద వ్యాపారమైన దేశంలో ఆ జోకు ఎంత పదునో హైదరాబాదులో ఉన్న మీకు చెప్పనక్కర్లేదు.

నా అభిరుచి అడిగితే, ‘ఏపీటీ’ తెలివైన పాట, ‘పోరప్పిప్పమ్’ అందమైన పాట. రెండోది ఎక్కువ సార్లు వింటాను.

మీ అమ్మాయితో కూర్చుని వినాలనుకుంటే ఫోను స్పీకరు మీద వద్దు, బేస్ వినపడక సగం పాట పోతుంది. ముందు సన్మీ పాట, వెంటనే ‘ప్లాస్టిక్ లవ్’, ఆ తర్వాత 1982 ‘అపాతు’ పెట్టండి. మూడోది తలుపు గంట మోగడంతో మొదలవుతుంది. మా ఇంట్లో మొదటిసారి పెట్టినప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి ‘ఎవరో వచ్చారు చూడండి’ అంది.